అంబాదాస్ సర్ కొట్టేసిన వాక్యం

నిన్న అటక మీది ఇనప్పెట్టె దించి ఉన్ని దుప్పట్లు తీస్తుంటే మడతల్లోంచి ఎండిన వేపాకు రాలింది. పురుగు పట్టకుండా ఎప్పుడు పెట్టానో నాకే గుర్తు లేదు. ఆకు పొడి అయిపోయింది గాని వాసన మాత్రం అలాగే ఉంది, చేదుగా, కాస్త దుమ్ము కలిసి, ముక్కులో చాలాసేపు నిలిచేలా. వేపాకు వాసన తగిలితే చాలామందికి చిన్నప్పుడు అమ్మవారు పోసిన రోజులు గుర్తుకు వస్తాయట. నాకు విశ్వవిద్యాలయంలో పాత దస్త్రాల గది గుర్తుకు వస్తుంది. అక్కడ గుడ్డలో కట్టిన ప్రతి కాగితాల మూటలోనూ గుప్పెడు వేపాకు ఉండేది. దాన్ని ప్రతి ఏడూ మార్పించే అంబాదాస్ సర్ ఇప్పుడు లేరు. ఆయన్ని చూడని వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

ఆయన ఆ గదికి అధికారి. పుట్టింది షోలాపూర్‌లోనే, కుంఠా నాకాలో ఒక మగ్గాల ఇంట్లో. చాలా ఏళ్ళు కాలేజీలో చరిత్ర చెప్పి, తర్వాత ఈ గదిలోకి వచ్చి కూర్చున్నారు. మూతబడిన మిల్లుల హాజరు పట్టీలు, జనన మరణాల రిజిస్టర్లు, చాళ్ళలో, అంటే మిల్లు కార్మికుల వరస గదుల ఇళ్ళలో, ఏ గదిలో ఎవరున్నారో రాసిన పుస్తకాలు ఎక్కడెక్కడి నుంచో ఆ గదికి చేరాయి. తమ తాతముత్తాతలు ఏ ఊరి నుంచి వచ్చారో తెలుసుకోవాలనుకునే వాళ్ళు, ఈ ప్రాంతం చరిత్ర రాసేవాళ్ళు ఆయన ముందుకు రావాల్సిందే. ఆయన ఎంత మంచివారో చెప్పడానికి కూర్చోలేదు నేను. మంచివారే, కాని ఎదుటివాళ్ళకు తెలిసేలా మంచితనం చూపించే అలవాటు ఆయనకు లేదు. ఎవరైనా పొగిడితే కళ్ళద్దాలు తుడుచుకునేవారు, ఎవరైనా ఏడిస్తే కూడా అదే చేసేవారు.

నేను ఆ గదికి చరిత్ర మీద ప్రేమతో వెళ్ళలేదు, పెళ్ళి కోసం వెళ్ళాను. అప్పట్లో కుంఠా నాకాలో ఒక తువ్వాళ్ళ కార్ఖానాలో లెక్కలు రాసేదాన్ని. రమేశ్ అక్కడే నమూనాలు గీసేవాడు. ఇద్దరం ఇష్టపడ్డాం. కులం ఒకటే, ఇద్దరివీ తెలంగాణ నుంచి వచ్చిన నేత కుటుంబాలే, ఇంట్లో చెప్పడానికి భయపడాల్సిన పని లేదనుకున్నాం. చిక్కు మేం చూడని చోట ఉంది. ఇద్దరి ఇంటిపేరూ గాజుల. మాలో ఇంటిపేరు ఒకటైతే పాలివాళ్ళు, అంటే అన్నదమ్ముల సంతానం. వాళ్ళ మధ్య పెళ్ళి అన్నాచెల్లెళ్ళ పెళ్ళి కిందే లెక్క. గోత్రం అడిగితే రెండు ఇళ్ళలోనూ మార్కండేయ అనే అన్నారు. అది కులమంతా చెప్పుకునే మాటే గనుక దానివల్ల ఏమీ తేలలేదు. మూలం ఏ ఊరో రెండు ఇళ్ళలోనూ ఎవరికీ తెలియదు. మిల్లుల కాలంలో పల్లెల నుంచి మనుషులను తోలుకొచ్చిన ముకద్దం, హాజరు పట్టీలో అందరికీ తన ఇంటిపేరే రాయించేవాడని మా వాడలో ఒక మాట ఉంది. ఆ మాటను పట్టుకొని వేలాడాం. భవాని పేట్‌లో మా వీధి పెద్దమనిషి నర్సప్ప తాత, మా నాన్న ముందు కూర్చుని తీర్పు లాంటిది ఒకటి చెప్పాడు.

"పురావా తే బిడ్డా. రెండిండ్లు వేరే వేరే అని కాగితం మీద పురావా ఉంటే నేనే ముంగట నిలబడి పెండ్లి చేపిస్త. లేకుంటే ఈ ముచ్చట ఇక్కడికి ఇడిచిపెట్టుండ్రి." పురావా అంటే రుజువు. మేం మరాఠీ మాటలు తెలుగులో కలిపి మాట్లాడతాం, అవి మరాఠీవన్న సంగతి కూడా గుర్తుండదు. నాన్న నర్సప్ప తాత మాట దాటే మనిషి కాదు.

మొదటి రోజు సర్ తల ఎత్తకుండానే ఏం కావాలని అడిగారు. దాఖలా, అంటే ధ్రువపత్రం, కావాలన్నాను, మా ఇల్లూ ఇంకో ఇల్లూ పాలోళ్ళు కాదని విశ్వవిద్యాలయం ముద్రతో. "ఇక్కడ దాఖలాలు ఇయ్యం" అన్నారు. "కుర్చీ ఇస్తం, పెన్సిలు ఇస్తం. పెన్ను బయట పెట్టి రా." అంతే, ఒక మూట తెచ్చి నా ముందు పెట్టారు. అలాంటి మూటను అక్కడ రుమాలు అంటారు. సాయంత్రం దాకా అందులో ఒక్క అక్షరం కూడా నాకు అర్థం కాలేదు. పాత మరాఠీ కాగితాలన్నీ మోడి లిపిలో ఉంటాయి, అక్షరాలు ఒకదాని చేయి ఒకటి పట్టుకొని పరిగెత్తినట్టు ఉంటాయి. వెళ్ళేటప్పుడు రుమాలు జాగ్రత్తగా కట్టి వచ్చాను. మరుసటి వారం వెళ్ళేసరికి ఆయన ఆ మూట ముందు పెట్టుకొని కూర్చున్నారు.

"సాలోల్ల పిల్లవు గదా?"

"అవును సర్. ఎట్ల తెలిసింది?"

"తెగిన పోగును అతికినట్టు ముడేసినవ్. నా గోర్లు పోయినయ్ గాని అది రాలే. మనోల్ల పిల్లలు ఎవలొచ్చినా ఇదే పని. ఇది మగ్గం గాదు బిడ్డా, రేపు ఇంకొకరు వచ్చి విప్పుకోవాలె." తర్వాత విప్పడానికి వీలైన ముడి ఎలా వేయాలో చూపించారు. చేతికి రావడానికి నాకు చాలా రోజులు పట్టింది. చిన్నప్పటి నుంచి మా ఇంట్లో ముడి అంటే ఊడకూడనిదే.

కార్ఖానా సెలవు రోజున విశ్వవిద్యాలయం తెరిచి ఉండేది, కాబట్టి వారానికి ఒకసారి వెళ్ళగలిగాను. మోడి చదవడం ఆయనే నేర్పారు, ఓపికగా మాత్రం కాదు. ఒక అక్షరం రెండోసారి అడిగితే చెప్పేవారు, మూడోసారి అడిగితే కిటికీలోంచి బయటికి చూసేవారు. ఆ గదికి రకరకాల మనుషులు వచ్చేవారు. ఒకాయన కారులో దిగి, తన పూర్వులు సంస్థానంలో రాణులకు చీరలు నేసినట్టు కాగితం వెతికిపెట్టమన్నాడు. సర్ ఆయనకు మర్యాదగా కుర్చీ వేసి, "అందరి తాతలు రాణులకే నేసిండ్రు సాబ్. మరి రైతుల పంచెలు, ముతక దుప్పట్లు ఎవరి తాతలు నేసిండ్రు? వాళ్ళ మనుమలు ఒక్కరు గూడ ఇయ్యాలటి దాక నా దగ్గరికి రాలే" అన్నారు. ఆ సాబ్ మళ్ళీ కనబడలేదు. నాకు నవ్వు ఆగలేదు. సర్ మాత్రం నవ్వలేదు, నిజంగానే వాళ్ళ కోసం ఎదురుచూస్తున్నట్టు తలుపు వైపు చూశారు.

నేను చేస్తున్న తప్పు ఆయన చాలా రోజులు చూసి ఊరుకొని, ఒకనాడు చెప్పారు. ఎక్కడ గాజుల అన్న పేరు కనబడితే అక్కడ ఆగి రాసుకుంటున్నాను. పట్టీల నిండా గాజులవాళ్ళే. "ఇంటిపేరు ఇడిచిపెట్టు" అన్నారు. "పక్క అర్రల ఎవరున్నరో చూడు. కొత్త ఊరికి వచ్చినోడు ఒక్కడే దిగడు. తన ఊరోని పక్కన దిగుతడు. వాని చావుకు ఎవడు వచ్చిండు, వాని బిడ్డ పుట్టినప్పుడు ఎవడు పోయి రాయించిండు, అది చూడు. మనిషి పేరు మార్చుకుంటడు గాని పక్కింటోన్ని అంత జల్ది మార్చుకోడు." ఇప్పుడు వంశాల గురించి వెతికే వాళ్ళు ఎవరొచ్చినా నేను మొదట చెప్పేది ఇదే. ఆ రోజు మాత్రం ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని ఒళ్ళు మండింది.

అలా వెతికితే దొరికారు. మా నాన్నకు తాత అయిన ఆయన ఒక మిల్లు చాళ్ళో ఉన్నాడు. ఆయన చుట్టుపక్కల గదుల వాళ్ళందరి ఊర్లూ సిద్దిపేట వైపువి. రమేశ్ వాళ్ళ పెద్దలు ఇంకో చాళ్ళో ఉన్నారు, వాళ్ళ ఇరుగుపొరుగు నారాయణపేట వైపు వాళ్ళు. ఆ రెండు పుటలను పక్కపక్కన పెట్టుకొని చూసినప్పుడు కలిగిన సంతోషం నా జీవితంలో మళ్ళీ కొన్నిసార్లే కలిగింది. అక్కడే కూర్చుని తెల్లకాగితం మీద రాశాను: ఈ రెండు కుటుంబాలు వేర్వేరు ప్రాంతాల నుంచి వచ్చినవి, వీరి మధ్య రక్తసంబంధం లేదు. సంతకం కోసం సర్ ముందు పెట్టాను. ఆయన చదివి, పెన్సిలు తీసుకొని, రెండో మాట మీద అడ్డంగా గీత గీశారు.

"ఇది ఏ పుటల ఉన్నది?"

"పుటల లేదు సర్. కని చూస్తె తెలుస్తలేదా?"

"నీకు తెలుస్తున్నది. నీకు కావాలె గనక తెలుస్తున్నది. కాగితానికి నీ పెండ్లితోటి పనేంది? ఇద్దరన్నదమ్ములల్ల ఒకడు సిద్దిపేటకు, ఒకడు నారాయణపేటకు పోయి, అక్కడికెళ్ళి ఇద్దరు షోలాపూర్ వచ్చిండ్రనుకో. అప్పుడేమంటవ్?"

ఆయన కింద తన చేతి రాతతో రాసి సంతకం పెట్టి ఇచ్చారు: ఈ రెండు కుటుంబాలు వేర్వేరు ప్రాంతాల వారి మధ్య నివసించినట్లు కనబడుతున్నది. ఒకే మూలపురుషుని సంతానమో కాదో ఈ దస్త్రాలను బట్టి చెప్పలేము. అదీ ఆయన ఇచ్చిన కాగితం. రమేశ్‌కు చూపిస్తే రెండుసార్లు చదివి, "ఒక్క ముక్క రాస్తే ఆయనది ఏం పోతది?" అన్నాడు. తర్వాత మెల్లగా, "కింది మాట చదవకు సుజా. మీదిదే చదువు. నర్సప్ప తాతకు చదువు రాదు" అన్నాడు. ఆ ఆలోచన నాకు అప్పటికే వచ్చి ఉంది. రాలేదంటే అబద్ధం అవుతుంది. కాని తాత ముందు, నాన్న ముందు నిలబడి కాగితం తెరిస్తే నోరు ఆ చివరి మాట దాకా వెళ్ళిపోయింది. ఆ గదిలో అన్ని నెలలు, ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించడమే నా పని. వేరేగా చదవడం అప్పటికే చేతకాకుండా పోయింది.

"మంజే, తెల్వదన్నట్టు" అన్నాడు తాత. అంటే తెలియదన్నమాటేగా అని.

"అవును తాత. తెల్వదు."

"తెల్వకపోతే మరి ఇంటిపేరే గట్టి." లేచి వెళ్ళిపోయాడు. నాన్న నా వైపు చూడలేదు. ఆ సాయంత్రం అమ్మ బీడీలు చుడుతూ ఎప్పుడూ లేనిది ఆకులు తప్పు కత్తిరించింది.

సర్ మీద అప్పుడు వచ్చిన కోపం సంగతి కూడా చెప్పాలి. ఒక మనిషి జీవితం ఒకవైపు, ఒక వాక్యం ఒకవైపు పెడితే వాక్యాన్ని ఎంచుకునే మనిషి ఎలాంటివాడు అని రోజూ అనుకునేదాన్ని. ఆ కోపం పూర్తిగా పోయిందని ఇప్పటికీ అనలేను. రమేశ్‌ను చూస్తూ పక్క బల్ల దగ్గర లెక్కలు రాయడం చేతకాక కార్ఖానా మానేశాను. ఇంట్లోనూ కూర్చోలేకపోయాను. తెలిసిన చోటు ఇంకొకటి లేదు కనుక మళ్ళీ ఆ గదికే వెళ్ళాను. సర్ ఏమైందని అడగలేదు. చాళ్ళ పుస్తకాలకు పట్టిక తయారు చేసే పని ఉందని, జీతం తక్కువని చెప్పి ఒక రుమాలు నా ముందుకు తోశారు. ఇక రోజూ వెళ్ళడం మొదలైంది.

చలికాలం చివర్లో కుంఠా నాకాలో రమేశ్ వాళ్ళ నాయనమ్మ పోయింది. విడీ ఘర్కుల్ అనే బీడీ కార్మికుల కాలనీ నుంచి అమ్మతోపాటు బీడీ ఆకు తెచ్చుకునే ఆమె పొద్దున్నే వచ్చి చెప్పింది. అమ్మ అయ్యో అంది. నేను డబ్బా కట్టుకొని బస్సెక్కి పనికి వెళ్ళాను. మధ్యాహ్నం అన్నం తింటూ మాటల్లో ఆ సంగతి చెబితే సర్ తినడం ఆపారు.

"ఆమె నీకు ఏమైతది?"

"ఏం గాదు సర్" అని, వెంటనే సర్దుకున్నాను. "పెద్దమనుషుల లెక్కన నాయనమ్మ అయితది."

"మరి ఇయ్యాల నువ్వు మైల గదా. ఇక్కడ కూసోని అన్నం ఎట్ల తింటున్నవ్?"

పాలివాళ్ళ ఇంట్లో చావు అయితే మన ఇంట్లో చావు అయినట్టే. కబురు అందగానే తలస్నానం, దినాలు అయ్యేదాకా దేవుడి దీపం ఉండదు, గుడికి పోరు. మా వాడలో మిగతావన్నీ ఎంత సడలినా ఒకటి మాత్రం తప్పరు, మైల ఉన్న ఇంట్లో సాంచా నడపరు. సాంచా అంటే కరెంటు మగ్గం. నేను బయల్దేరేటప్పుడు ఇంటి వెనక రేకుల షెడ్డులో నాన్న రెండు సాంచాలూ నడుస్తూనే ఉన్నాయి. అమ్మ దేవుడి ముందు దీపం పెట్టింది. ఆ కబురు విని మా ఇంట్లో ఒక్కరికి కూడా మైల అన్న మాట తట్టలేదు. సర్ చేయి కడుక్కొని వచ్చి, "ఇది గూడ రాసుకునేదే. కాగితం మీద లేదు, అంతే. పోయి మీ నాయినను అడుగు. చెప్పకు, అడుగు" అన్నారు.

ఇంటికి వెళ్ళి షెడ్డు గడపలో నిలబడ్డాను. సాంచాల చప్పుడులో మామూలుగా మాట్లాడితే వినబడదు. గట్టిగానే అన్నాను.

"నాయిన, కుంఠా నాకాల ముసలామె పోయింది గదా. మనకు మైల లేదా?"

నాన్న ఒక స్విచ్చి ఆపాడు, రెండోది ఆపాడు. ఆ నిశ్శబ్దంలో చెవులు గింగురుమన్నాయి.

"నువ్వే అడుగుతున్నవా, ఆ సారు అడగమన్నడా?"

"సారు నన్ను అడిగిండు. నా తాన జవాబు లేదు."

నాన్న తలస్నానానికి లేవలేదు, సాంచా పెట్టలేదు. సాయంత్రం దాకా ఆగిపోయిన మగ్గాల ముందు స్టూలు మీద కూర్చున్నాడు. అమ్మ చాయ్ తీసుకెళ్తే తాగలేదు. ఆ పూట నేను ఆయన గురించే భయపడ్డాను. నర్సప్ప తాత మాట దాటితే వాడలో ఆయన ముఖం ఎలా ఎత్తుకుంటాడో నాకు తెలుసు. అన్నదమ్ములే అని నమ్మితే దినాలన్నీ సాంచాలు ఆపి కూర్చోవాలి, కాదంటే తాను చెప్పిన మాట తానే మింగాలి. అప్పటికి నాకు గెలవాలని కూడా లేదు, ఆయన అలా కూర్చోకుండా ఉంటే చాలనిపించింది.

మరునాడు పొద్దున పొయ్యి మీద చాయ్ మరుగుతుంటే ఇంటి వెనక ఒక సాంచా కదిలింది. కాసేపటికి రెండోది. అమ్మ ఒళ్ళో బీడీల చాట పెట్టుకొని తల ఎత్తి నా వైపు చూసింది. చాయ్ తీసుకెళ్ళి ఇస్తే నాన్న అందుకొని, చప్పుడు ఆపకుండానే నా చెవి దగ్గరికి వంగి చెప్పాడు. "మా నాయిన పోయినప్పుడు వాళ్ళు మైల పట్టలే. మనం గూడ ఎన్నడు పట్టలే. నాకు గప్పుడు తట్టనే లేదు. దినాలు అయినంక వాళ్ళను రమ్మను." నాకు ఏడుపు వచ్చింది. నాన్న దారం చూసుకుంటున్నట్టు అటు తిరిగాడు.

వాళ్ళ ఇంట్లో ఏడాది మాసికం అయ్యాక పెళ్ళి జరిగింది. నాన్నే వెళ్ళి మైల సంగతి చెప్పాక నర్సప్ప తాత సరేనన్నాడు, పెళ్ళికి వచ్చాడు. చెప్పినట్టే ముందు నిలబడ్డాడు, కాని ఆయన మనసు ఇంకా పీకుతున్నట్టుంది. అక్షింతలు పంచుతుండగా పెళ్ళికి వచ్చిన సర్‌ను అందరికీ వినబడేలా అడిగాడు.

"సర్, ఇప్పుడన్న నక్కి చెప్పుండ్రి. రెండిండ్లు వేరేనే గదా?"

నక్కి అంటే ఖాయంగా అని. పీటల మీద నేను, రమేశ్, ఇద్దరం సర్ వైపే చూశాం. అవును అంటే అయిపోయేది. ఆ ఒక్కరోజుకు ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. ఆయన కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు.

"నాకు తెల్వదు తాత" అన్నారు. "మైల పట్టలే, అది తెలుసు. అంతకంటె నాకు తెల్వదు." అని గుప్పెట్లో ఉన్న అక్షింతలు అందరికంటే ముందు మా మీద వేశారు.

సర్ ఉద్యోగం నుంచి దిగిపోయాక కొన్నేళ్ళకు పోయారు. ఆయన కుర్చీ నాది కాలేదు గాని, ఆ గదిలో ఒక బల్ల నాదే. పూర్వులను వెతుక్కుంటూ వచ్చేవాళ్ళకు కుర్చీ, పెన్సిలు ఇచ్చి రుమాలు తెచ్చిపెడతాను. ముద్ర వేసిన దాఖలా కావాలని అడిగేవాళ్ళు ఇప్పటికీ వస్తారు, ఇవ్వమని చెబితే నా మీద కోపగించుకొని వెళ్తారు. మా అమ్మాయి పెద్దదైంది. అమ్మానాన్నలకు పెళ్ళికి ముందే ఇంటిపేరు ఒకటెలా అయిందని మొన్న అడిగింది, మీరిద్దరూ ఒకే వంశమా అంది. తెలియదన్నాను. పాత కాగితాల మధ్య పనిచేస్తూ ఇంట్లో సంగతి తెలియదంటావేంటని వింతగా చూసింది.

ఇంకా పట్టిక వేయని మూటలు ఆ గదిలో చాలా ఉన్నాయి. ఏదో ఒకనాడు ఒక పుటలో మా రెండు చాళ్ళ ముసలివాళ్ళూ ఒకే తండ్రి పేరు కింద కనబడవచ్చు, కనబడకపోవచ్చు. దాని కోసం నేను వెతకడం లేదు, దానికి భయపడి ఏ మూటా పక్కన పెట్టడం లేదు. కనబడితే చదువుతాను. ఉన్నది ఉన్నట్టు రాసుకొని, ఇంటికి వెళ్ళి రమేశ్‌కు చివరి మాట దాకా చదివి వినిపిస్తాను. ఆ తర్వాత ఇద్దరం కూర్చుని అన్నం తింటాం.